గుండీలు తప్పిన సైనికుడు

ఏమండోయ్, దయ్యాలంటే భయం లేదంటారా? బాత్రూంకి ఇల్లంతా లైట్లు వేసుకుంటూ వెళ్లే మీరేనా? సరే, వినండి.

నవంబర్ పదకొండు. యుద్ధాల్లో పోయిన సైనికులను కెనడా అంతా తలుచుకునే రోజు. అక్కడి ఎటోబికో అనే పేటలో ఓ కాఫీ షాపు ముందు, ఒక్క ఉద్యోగానికి వీధి చివరిదాకా స్టూడెంట్ల లైను. ఆ చివర్న కావ్యశ్రీ. ఇదీ రాకపోతే చదువు మానేసి ఇంటికి పోతానని సూట్‌కేసు కూడా సర్దేసింది.

“లైను నేను ఖాళీ చేయిస్తాగా!” అన్నాడు వాళ్ల బాబాయ్ దక్షిణామూర్తి.

పాతబట్టల షాపులో కొన్న మిలటరీ కోటు తగిలించాడు. మొహానికి బియ్యప్పిండి పూశాడు. లైను పొడుగునా తూలుతూ నడిచాడు.

“ఇటలీ యుద్ధంలో చచ్చిపోయిన సోల్జర్‌ని... పారిపోండ్రా!”

“అంకుల్, ఆర్మీలో అయితే ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్ ఈజీనా?” అడిగాడొకడు. ఇంకొకడు భుజం మీద చెయ్యేసి సెల్ఫీ తీసుకున్నాడు.

ఉసూరుమంటూ లైను మొదటికి చేరాడు. తలుపు దగ్గర పల్చటి చొక్కాతో ఓ కుర్రాడు. నిన్నే విమానం దిగినట్టున్నాడు, స్వెటరైనా లేదు.

“గుండీలు తప్పు పెట్టావు తమ్ముడూ. మా హవల్దారు చూస్తే ఊరుకోడు.”

“తమ్ముడేంట్రా? నాకు యాభై దాటాయి!”

“నాకు వంద దాటాయి,” నవ్వాడు కుర్రాడు.

“నా దగ్గరే జోకులా! ఏ ఊరు మనది? ఇక్కడికెలా వచ్చావ్?”

“బొబ్బిలి. ఇప్పుడుండేది ఇటలీలో. ఈ దేశపోళ్లు నా పక్కనే ఉంటారు. ఏటా రమ్మంటారు, వస్తా.”

రూమ్మేట్లు కాబోలు అనుకున్నాడు బాబాయ్. కుర్రాడు అతని కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పి, మళ్లీ సరిగ్గా పెట్టాడు.

వెనక ఎవరో కెవ్వుమన్నారు. అంతే! బ్యాగులు కూడా వదిలేసి లైనంతా పరుగో పరుగు.

‘ఇప్పటికి పండింది నా వేషం!’ బాబాయ్ మీసం మెలేశాడు.

పార్కులో యుద్ధ స్మారకం దగ్గర బ్యూగిల్ మోగింది.

“మావాళ్లు పిలుస్తున్నారు. ఆ అమ్మాయిని ముందుకు రమ్మను,” అని కుర్రాడు అటు వెళ్లిపోయాడు.

ఉద్యోగం కావ్యశ్రీకే వచ్చింది. సాయంత్రం సూట్‌కేసు విప్పుతుంటే బాబాయ్ వచ్చి కూర్చున్నాడు.

“చూశావా మన యాక్టింగ్!”

“యాక్టింగ్ సంగతి వదిలెయ్ బాబాయ్. తలుపు దగ్గర నువ్వొక్కడివే గాల్లోకి మాట్లాడుతుంటే, నీ కోటు గుండీలు వాటంతటవే విప్పుకుని మళ్లీ పెట్టుకున్నాయట కదా, దానికి ఏ దారం కట్టావ్?”