లోపల ఇద్దరు

జయశీల రొయ్యల కంపెనీ లోపలే గ్యాస్ పీల్చి చనిపోయింది. డ్యూటీ దిగి ఇంటికెళ్లాక పోయిందని కంపెనీ పేపర్లకు చెప్పింది.

ఆమె భర్త యేసుదానం అక్కడే వాచ్‌మన్. వాచ్‌మన్ తప్ప లోపలున్న వాళ్లందరూ హాజరు మిషన్‌లో ఔట్ కొడితేనే తెరుచుకునే కొత్త గేటు పెట్టారు. మొదటి రాత్రే అది తెరుచుకోలేదు. మిషన్ మీద ‘లోపల ఇద్దరు’ అని ఉంది. మొదటి పేరు తనది. రెండో పేరు జయశీలది.

సూపర్‌వైజర్ సన్యాసిరాజుకి ఫోన్ చేశాడు.

“పాత ఎంట్రీ బావా. ఆ రోజు ఆమె ఔట్ కొట్టనేదు గదా. ఆమెది నువ్వు కొట్టీ, తెరుసుకుంటాది.”

కొడితే ఆమె బతికి బయటికెళ్లినట్టవుతుంది. కంపెనీ మాటే నిజమవుతుంది.

“నాను కొట్టను.”

“అయితే తెల్లార్లూ ఆడే ఉండు. అవున్గానీ బావా, నీ ఎనకాల దగ్గుతన్నదెవులు?”

యేసుదానం ఫోన్ కట్టేశాడు. వెనక్కి తిరిగాడో లేదో పొద్దున ఎవరడిగినా చెప్పలేదు. ఔట్ మాత్రం కొట్టలేదు.