ఇంకొక్క ముద్దండీ

"ఉన్నమాట చెప్పేద్దామండీ," అంది ఇందుమతి భర్తతో, రైలు తాడేపల్లిగూడెంలో ఆగుతుండగా. "కడుపులో పుండుంది, కారం పడదు అంటే ఎవరైనా అర్థం చేసుకుంటారు."

"తణుకు వాళ్ళు బాగానే అర్థం చేసుకున్నారు కదా!" అన్నాడు శ్రీరంగనాయకులు.

కిందటేడు తణుకు సంబంధం తాంబూలాల దాకా వచ్చింది. భోజనానికి ముందు ఈయన జేబులోంచి మాత్ర తీసి వేసుకోవడం వాళ్ళు చూశారు. తండ్రికి అల్సరంటే రేపు పిల్లకి మాత్రం రాదని ఏముంది అనుకుని మెల్లగా జారుకున్నారు. కూతురు భావన పైకి నవ్వేసిందిగానీ రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఇప్పుడీ గూడెం కుర్రాడు రాజకుమార్ అంటే ఆ పిల్లకి ప్రాణం. ఈ సంబంధం తన పొట్ట మూలంగా పోకూడదని శ్రీరంగనాయకులు గట్టిగా అనుకున్నాడు.

ఏలూరులో బట్టల కొట్టు నడిపే ఆయనకి ఈ నొప్పి ఎనిమిదేళ్ళ చుట్టం. పోయిందనుకున్న నెలకే తిరిగొస్తుంది. పరగడుపున మాత్ర, రెండు గంటలకోసారి బిస్కెట్లు, మధ్యాహ్నం చప్పిడి పప్పూ మజ్జిగన్నం. ఈ పద్ధతిలో ఉన్నంతకాలం బండి నడుస్తుంది. ఒక్క పూట గాడి తప్పితే చాలు, రొమ్ము కింద నిప్పు రాజుకుంటుంది.

పెళ్ళికొడుకు తండ్రి కనకరాజు ఉల్లిపాయల వ్యాపారి. మనిషి భారీగా ఉంటాడు, మర్యాద అంతకన్నా భారీ. వియ్యంకుణ్ణి భోజనానికి తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. అరిటాకులో గోంగూర పచ్చడి, మిరపకాయ బజ్జీలు, ఆవపెట్టిన పనసపొట్టు కూర, గుత్తివంకాయ ఎర్రగా మెరిశాయి. వాటిని చూడగానే శ్రీరంగనాయకులి పొట్ట ముందే మూలిగింది.

"మీ వైపు కారం బాగా తింటారని వంటాయన్ని పిలిపించి చేయించామండీ," అన్నాడు కనకరాజు. "ఎక్కువైతే మొహమాటపడకుండా చెప్పండి. పప్పూ చారూ పెట్టించేస్తాను."

శ్రీరంగనాయకులికి తణుకు గుర్తొచ్చింది. "అబ్బే! కారం లేకపోతే నాకు ముద్ద దిగదండీ," అన్నాడు.

కనకరాజు ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూశాడు. "అయితే మనదంతా ఒకే జట్టండీ," అని గోంగూర కలుపుకున్నాడు.

ఒకరు ముద్ద ఎత్తితే రెండోవారు ఎత్తారు. శ్రీరంగనాయకులి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పక్కన కనకరాజు కండువాతో మొహం తుడుచుకుంటున్నాడు.

"ఎండలు మండిపోతున్నాయండీ ఈ ఏడు," అన్నాడు.

"అవునండీ, మరీను," అన్నాడు శ్రీరంగనాయకులు. మాఘమాసం ఇంకా వెళ్ళలేదు.

కనకరాజు భార్య సత్యవతి మజ్జిగ గిన్నె తెచ్చి భర్త ఆకు దగ్గర నిలబడింది. శ్రీరంగనాయకులికి ఆవిడలో సాక్షాత్తూ అన్నపూర్ణ కనిపించింది.

"అప్పుడే మజ్జిగేమిటే? బావగారింకా వంకాయ ముట్టుకోందే!" అని కనకరాజు కసిరాడు. ఆవిడ ఏదో అనబోయి, ఆగి, లోపలికి వెళ్ళిపోయింది. గుమ్మం దగ్గర నిలబడ్డ ఇందుమతి పమిట కొంగు నలిపేస్తోంది.

"ఇంకొక్క ముద్దండీ."

"మీరు వేసుకుంటేనేనండీ."

"మీరు తింటుంటే నేనెందుకు మానేస్తానండీ!"

కక్కలేక మింగలేక శ్రీరంగనాయకులు మింగడానికే సిద్ధపడ్డాడు. కూతురి మొహం తలుచుకుని మూడు వంకాయలు లాగించాడు. చేతులు కడుక్కున్నాక కనకరాజు ఆయన భుజం మీద చెయ్యేసి, "ఇలా కలిసి తినే మనిషి దొరకడం మా అదృష్టమండీ. ఫాల్గుణంలో ముహూర్తం పెట్టించేద్దాం," అన్నాడు. ఆ మాటకి శ్రీరంగనాయకులికి నిజంగానే ఏడుపొచ్చింది, సంతోషంతో సగం, మంటతో సగం.

మర్నాడు పొద్దున్నే ఏలూరులో పొట్ట డాక్టరు దగ్గర మెలికలు తిరిగిపోతూ కూర్చున్నాడు.

"ఎనిమిదేళ్ళ నుంచి చెప్తున్నాను. ఎందుకు తిన్నారండీ?" అన్నాడు డాక్టరు.

"పిల్లనిచ్చే ఇల్లండీ. ఆయన అంత సరదాగా తింటుంటే నాకు పడదని ఎలా చెప్పనండీ?"

రాస్తున్న డాక్టరు కలం ఆగింది. "ఏ ఊరు?"

"గూడెం. కనకరాజుగారని, ఉల్లిపాయల వ్యాపారం. గుండ్రాళ్ళు తిని అరిగించుకునే మనిషండీ. ఈ సంగతి ఆయన చెవిన పడితే నా కూతురి పెళ్ళి ఆగిపోతుంది. దయచేసి ఎవరితోనూ అనకండి."

డాక్టరు కలం కింద పెట్టి, నవ్వు ఆపుకోలేక కళ్ళద్దాలు తీశాడు.

"మీ వియ్యంకుడుగారికి పక్క గదిలో సెలైన్ ఎక్కుతోందండీ."