బొట్టు కింద లైటు

నాకు మనుమరాలు పుట్టింది! తల్లీబిడ్డా క్షేమం! కరీంనగర్ ఆసుపత్రి ముందు నా కాళ్లు నేల మీద నిలవడం లేదు.

నొప్పులు పడుతున్న నా బిడ్డను శ్రీరాంపూర్ నుంచి వానలో ఎక్కడా ఆగకుండా తెచ్చిన కారుకు కొత్త బొట్టు పెట్టాలనుకున్నాను. దసరా పూజనాడు మీటరు అద్దానికి దిట్టంగా పట్టించిన పసుపు కుంకుమను కండువాతో తుడిచాను. ఇన్నాళ్లూ దాన్ని ఎవరినీ ముట్టనివ్వలేదు.

కారు పక్కకు పెడదామని నా కోడలు రేవతి తాళం తిప్పింది. తుడిచిన చోట ఆయిల్ మార్చమనే లైటు వెలిగింది.

“రేవతీ, బండి ఆయిల్ అడుగుతుంది!” అని అరిచాను.

ఆమె నవ్వింది. “గది ఎప్పుడో అడిగినట్టుంది మామా, మీ బొట్టు కింద కనవడలే. నేను ఇంజన్ల ఆయిల్ చూసే పుల్ల గుంజి చూస్తే ఆయిల్ నల్లగైంది. పోయిన నెల మార్పించిన గద. లైటు బంద్ చేసుడు మెకానిక్ మర్చిపోయిండు.”

నా తల వంగిపోయింది. ఆమె ఆయిల్ మార్పించిన రోజు నేనేమన్నాను?

“కొత్త కారు, టైమైతే అదే చెప్తది. అడగకముందే ఆయిల్ ఏంది? నా కొడుకు మస్కట్‌ల ఎండకు మాడుతుంటే నీకు షోకులా?”

“గట్ల నిలబడ్డరేంది, తాతయిండ్రు! అందరికి ఫోన్లు చేయుండ్రి” అంది రేవతి.

చేయాలి. మనుమరాలి కబురు ఒక్కటే కాదు. నా కోడలు దుబారా మనిషని నేను చెప్పిన ప్రతి ఒక్కరికీ మళ్లీ చేయాలి: జమ్మికుంట అక్కకు, భైంసా తోడల్లుడికి, మస్కట్‌లో కొడుకుకు, మంచిర్యాలలో రేవతిని కన్న తండ్రికి.