అచ్చం కాగితమే

“ఆదివారం పాత కాగితాలవాణ్ణి రమ్మన్నాను. నీ పుస్తకాలన్నీ దించి పెట్టు” అన్నారు మేనేజరుగారు, కాఫీ ఊదుకుంటూ.

భార్య చేతిలో గరిటె ఆగిపోయింది.

హాల్లో ఒక గోడ నిండా ఆమె పుస్తకాలే. కాలేజీ రోజుల నుంచి ఒక్కొక్కటే పోగేసినవి. అంచుల్లో పెన్సిలు గీతలు, పేజీల మధ్య బస్సు టిక్కెట్లు. ఆ ఇంట్లో ఇది నాది అని ఆమె చెప్పుకోగలిగింది ఆ గోడ ఒక్కటే.

“అవి తీసేసి అక్కడేం పెడతారు?”

“పడక్కుర్చీ. చదువుకోడానికి.”

కళ్లు అమ్మి కళ్లజోడు కొన్నట్టుంది అనుకుందామె.

విషయమేమిటంటే, నెల కిందట ఆయన తెర మీద పుస్తకాలు చదువుకునే ఈ-రీడర్ కొన్నారు. అప్పటి నుంచి ఆఫీసు నుంచి రావడం, వరండాలో కూర్చోవడం, దాన్ని ఒళ్లో పెట్టుకుని తలాడించడం. ఎవరైనా గుమ్మం తొక్కితే చాలు, ఉపన్యాసం. ఎవరూ రాని రోజు భార్యకే.

“దీని లోపల వెంట్రుక మందాన గుళికలు లక్షల్లో ఉంటాయి. ఒక్కోదాంట్లో నల్ల రేణువులు, తెల్ల రేణువులు. రవ్వంత కరెంటు తగిలిందా, నల్లవి పైకి తేలతాయి, తెల్లవి అడుక్కి పోతాయి. అదే అక్షరం! ఇక కరెంటు ఆపేసినా ఎక్కడిది అక్కడే ఉంటుంది.”

“మీ మేనమామగారిలా అన్నమాట. ఒకసారి చతికిలబడితే ఎవరో ఒకరు కదిపేదాకా కదలరు.”

“వేళాకోళం కాదు. ఫోనంటే దీపం తెచ్చి కంట్లో పెట్టినట్టే. దీనికి గదిలో వెలుతురు చాలు. ఎండలో పెట్టు, మెరవదు. కళ్లు లాగవు. కొన్నాక ఒక్కసారైనా చార్జింగ్ పెట్టానా? నువ్వే చెప్పు!”

పెట్టలేదు. ఆ మాట ఆమే ఒప్పుకుంది.

“ఇంతకీ కథ ఎందాకా వచ్చింది?”

“వాన వెలిసింది. ఆమె కిటికీ తెరిచింది.”

“పోయిన వారమూ ఆవిడ కిటికీయే తెరుస్తోందిగా?”

“మంచి రచనని నమిలి తినాలోయ్. నీలా గబగబా తిప్పేస్తే అజీర్తి చేస్తుంది.”

శనివారం సాయంత్రం ఆఫీసు క్యాషియరు వచ్చాడు. అతని చంకలోనూ ఒక ఈ-రీడర్. అదే కంపెనీ, అదే రంగు. మేనేజరు కొన్నాక క్యాషియరు కొనకపోతే ఏం బావుంటుంది?

“ఏం నలుపు సార్, ఏం తెలుపు! మేడంగారూ, ఒట్టు, అచ్చం కాగితమే!” అన్నాడు. తరవాత మేనేజరుగారి ఒళ్లోకి తొంగిచూసి కుర్చీలోంచి లేచినంత పని చేశాడు. “సార్, విచిత్రం! నేనూ సరిగ్గా ఇక్కడే ఉన్నాను. వాన వెలిసింది, కిటికీ తెరిచింది...”

“అభిరుచులు కలవడమంటే అదేనయ్యా!” మేనేజరుగారు పొంగిపోయారు.

ఆ తరవాత ఏం జరిగిందో ఆయన ఇతన్ని అడగలేదు. ఇతను ఆయన్ని అడగలేదు. ఇద్దరూ గంభీరంగా తలలూపుకున్నారు.

కాఫీలయ్యాక ఆమె బల్ల తుడవడానికి వచ్చింది. గుడ్డ పట్టిన చెయ్యి మేనేజరుగారి ఈ-రీడర్ దగ్గర ఒక్క క్షణం ఆగింది. పక్కనే ఉన్న క్యాషియరుది కూడా చూసింది. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆదివారం పొద్దున్నే మేనేజరుగారు స్వయంగా పుస్తకాలు దించి, తాళ్లతో కట్టలు కట్టారు. క్యాషియరు ముడులు బిగించాడు. పని అవగానే ఇద్దరూ వరండాలో చెరొక ఈ-రీడర్ పట్టుకుని కూర్చున్నారు.

పాత కాగితాలవాడు గుమ్మంలో తక్కెడ దించాడు.

“ఈ కట్టలేనా అమ్మా?”

“వాటి మీద చెయ్యి వెయ్యకు నాయనా. ఈ ఇంట్లో అమ్మాల్సిన కాగితం వేరే ఉంది. ఉండు, తెచ్చిస్తాను.”

తిన్నగా వరండాలోకి వెళ్లి భర్త చేతిలోంచి ఈ-రీడర్ తీసుకుంది.

“జాగ్రత్త! పేజీ మారిపోతుంది!” అరిచారాయన.

ఆమె ఒక మూల గోరు దూర్చి సుతారంగా లాగేసరికి, నెల రోజులుగా ఆయన నమిలి నమిలి చదువుతున్న ఆ పేజీ, నమూనా కోసమని కంపెనీవాళ్లు తెర మీద అంటించి పంపిన కాగితం, అరటితొక్కలా ఊడి ఆమె చేతిలోకి వచ్చింది.