కవల బొమ్మ

"మా కవల తమ్ముడికి బొమ్మ చెక్కాలి, తాతా," అన్నాడు అత్సు.

ముసలి అగ్బెకో ఉలి కింద పెట్టేశాడు. "ఎత్సే ఎప్పుడు పోయాడురా?"

"పోలేదు. ఫ్రెంచివాళ్ల టోగోలోనే ఉన్నాడు. ఐక్యరాజ్యసమితి ఓట్లు పెట్టి మన ఇంగ్లీషువాళ్ల టోగోను ఘనాలో కలిపింది కదా! కాగితం లేదని నిన్న సరిహద్దులో నన్ను వెనక్కి తరిమారు."

"ఛీ, ఏం మాటలురా! కవలల్లో చచ్చినవాడికే కదా బొమ్మ!"

"వాడితో కలిసి తినే రాత ఇక లేదు. బొమ్మకైనా రోజూ ఇంత ముద్ద పెట్టుకుంటాను."

బయట స్వాతంత్ర్యం వచ్చిందని డప్పులు మోగుతున్నాయి. అగ్బెకో మూలనున్న గుడ్డ మూట విప్పాడు. అందులో కొత్త బొమ్మ. ఎడమ చెంపమీది మచ్చతో సహా అది అచ్చం అత్సులాగే ఉంది.

"పోయిన వారం ఎత్సే కబురంపాడు. తిట్టి పంపాను. మళ్లీ కబురు... అన్న ఎదురుగా లేకపోతే ముద్ద దిగడం లేదట."