ఏడో ఇన్నింగ్స్ సంతకం

మేయర్ డెల్బర్ట్ కంపెనీ అతిథులకి తన ఊరి గొప్పలు ఏకరువు పెడుతున్నాడు.

"మా హార్లన్‌విల్‌లో ఎయిర్‌పోర్టుకి పావుగంట. ట్రాఫిక్ అనే మాటే లేదు. అద్దెలంటారా, చికాగోలో కారు నిలుపుకునే ఖర్చుకి ఇక్కడ ఆఫీసే వచ్చేస్తుంది. అన్నిటికీ మించి, ఇదిగో!" అంటూ కిక్కిరిసిన బేస్‌బాల్ మైదానం వైపు చెయ్యి చాపాడు. "రెండు లక్షల జనాభా సార్. మా టర్టిల్స్ జట్టు ఆడితే ఎనిమిది వేల మంది వస్తారు!"

వెర్నన్ పక్కనే నిలబడి వింటున్నాడు. పంతొమ్మిదేళ్ళుగా అతని ఉద్యోగం ఈ మైదానంలోనే. జూలై ఎండకి చెమటతో తడిసి ముద్దయ్యాడు. అయినా మనసు పొంగింది. కొత్త కంపెనీ వస్తే ఊరు బాగుపడుతుంది. ఏడో ఇన్నింగ్స్ మధ్యలో, జనమంతా లేచి ఒళ్ళు విరుచుకునే వేళ, మేయర్ సంతకం పెడతాడు. ఊరి జట్టూ, ఈ మైదానమున్న నది ఒడ్డు స్థలమూ కంపెనీవి అవుతాయి.

మేయర్ అతిథులకి హాట్‌డాగ్‌లు తేవడానికి వెళ్ళాడు. కంపెనీ యజమాని ప్రెస్కాట్ తన లాయరమ్మ వైపు వంగాడు.

"వచ్చే వేసవికి జట్టుని ఫీనిక్స్ సిటీకి పట్టుకుపోదాం. ఇక్కడ గోడౌన్లు కట్టి పారేద్దాం."

"మెల్లగా సార్! పక్కన మనిషున్నాడు."

"వీడా? వీణ్ణెవడు పట్టించుకుంటాడు!"

వెర్నన్ గిర్రున గేటు వైపు తిరిగాడు. గేటు ఎదురుగా అతని భార్య జాయిస్ శాండ్‌విచ్ కొట్టు ఉంది. ఆ వీధి వీధంతా ఈ ఆట మీదే బతుకుతోంది.

పనిలో ఉండగా నోరు విప్పకూడదని మొదటిరోజే చెప్పారు. ఒక్కసారి కూడా తప్పలేదు. ఇవాళ ఆ నియమాన్ని గాలికొదిలేశాడు. మేయర్ తిరిగి రాగానే ఎదురెళ్ళి గొంతు చించుకున్నాడు.

"డెల్బర్ట్! సంతకం పెట్టకు! మోసం!"

జనం హోరులో ఆ కేక ఎటు పోయిందో. మేయర్ అతని భుజం తట్టి, "చూశారా సార్, మావాడి హుషారు!" అని అతిథులకి చూపించి మురిసిపోయాడు.

ఏడో ఇన్నింగ్స్ సగమైంది. మైదానంలో బల్ల వేసి కాగితాలు పరిచారు. వెర్నన్ పరుగున వెళ్ళి మేయర్ ఎదుట నిలబడ్డాడు. వద్దు వద్దంటూ రెండు చేతులూ ఊపాడు. తల అడ్డంగా తిప్పాడు. కాళ్ళు నేలకేసి కొట్టాడు. ఏం చేస్తే అర్థమవుతుందో తెలియక ఏడుపు తన్నుకొచ్చింది.

మేయర్ మైకు అందుకున్నాడు.

"అలా చూస్తారేంటర్రా? ఇవాళ కొత్త డాన్సు! కానివ్వండి!"

ఎనిమిది వేల మందీ అచ్చం అలాగే చేతులూపుతూ గంతులేస్తుండగా మేయర్ సంతకం పెట్టేశాడు, వీపు మీద జిప్పు ఇంకొకరు విప్పితే తప్ప బయటపడలేని వెర్నన్ మాత్రం, నవ్వు మొహం కుట్టిన ఆ పెద్ద తాబేలు వేషం లోపల వెక్కి వెక్కి ఏడ్చాడు.