కోడలి చేతిలో స్టీరింగ్

తెమిర్‌కుల్ అరుపులకు షెడ్డు రేకులు అదిరిపోతున్నాయి.

"కళ్ళు నెత్తికెక్కాయా? మోకాలెత్తు గట్టు కనపడలేదా నీకు?"

కోడలు కనిషాయ్ తల వంచుకుని టీ నీళ్ళు కాగే సమోవర్ పక్కన నిలబడింది. మామగారికి ఎదురు చెప్పిన కోడలు ఆ వీధిలో ఇంతవరకూ లేదు. ఆ మొదటి కోడలు తాను కాకూడదని ఆమె పళ్ళు బిగబట్టుకుంది.

పొద్దున కూతురిని బడిలో దింపడానికి వెళ్తుంటే, మలుపు దగ్గర కారు ఫుట్‌పాత్ గట్టుకు కొట్టుకుంది. ఆమెకేమీ కాలేదు. నాలుగేళ్ళ ఆదినాయ్ నుదురు చిట్లి కుట్లు పడ్డాయి. పిల్ల ఇప్పుడు ఇంట్లో, నానమ్మ ఒళ్ళో నిద్రపోతోంది. కారును పక్కింటి శర్షెన్ తన లారీకి తాడు కట్టి మెకానిక్ షెడ్డుకు లాక్కొచ్చాడు. షెడ్డు తెమిర్‌కుల్‌దే. మనవరాలి నుదుటి మీద కట్టు చూసినప్పటి నుంచి అతను మనిషిలా లేడు.

మొన్న ఊళ్ళో పెళ్ళికి వెళ్తూ కొక్కేనికి తగిలించిన పాత ఫెల్టు టోపీని ఇవాళే మళ్ళీ నెత్తిన పెట్టుకున్నాడు. నూనె మరకలతో అది అసలు రంగు మరచిపోయి చాలా కాలమైంది.

"నీ టోపీ ఇనప సామాన్ల కొట్టురా. అందులో ఏం గుచ్చుతావో, ఏం మరుస్తావో నీకే తెలీదు" అన్నాడు శర్షెన్, వాతావరణం చల్లబరుద్దామని.

"నోరు మూసుకుని జాకీ అందుకో."

ముందు కుడి చక్రం పైకి లేచింది. రిమ్ము అంచు సొట్టపోయింది. తెమిర్‌కుల్ చక్రాన్ని రెండు చేతులతో పట్టి ఊపాడు. అది ఊడబోయే పాలపన్నులా కదిలింది.

"లోపల కూర్చుని స్టీరింగ్ తిప్పు."

శర్షెన్ తిప్పాడు. ఎడమ చక్రం బుద్ధిగా తిరిగింది. కుడిది తనకేమీ పట్టనట్టు అలాగే ఉంది. తెమిర్‌కుల్ కిందికి దూరాడు. స్టీరింగ్ నుంచి చక్రానికి వచ్చే కడ్డీ, జాయింటు దగ్గర ఊడిపోయి వేలాడుతోంది.

మళ్ళీ బయటికి వచ్చేసరికి అతని ముఖం ఇంకా ఎర్రబడింది.

"మొన్ననే కొత్త జాయింటు వేశాను. నన్ను తీసుకెళ్దామని పెళ్ళివాళ్ళు కారేసుకుని గుమ్మంలోకొచ్చి హారన్ మోగిస్తున్నా, ముందు నా కోడలి బండి అని దీని పనే చూశాను. నట్టు బిగించి, నట్టు తిరక్కుండా అడ్డంగా పిన్ను పెడితే, ఆ జాయింటు ఒంటెను కట్టి లాగినా ఊడదు. అలాంటిదాన్ని ఊడగొట్టిందంటే ఎంత స్పీడులో కొట్టి ఉంటుందో చూడు."

"మెల్లగానే వెళ్తున్నాను మామయ్యా" అంది కనిషాయ్. "ముందు స్టీరింగే నా చేతిలో..."

"చాలు. తప్పు చేసి బండి మీద తోసెయ్యకు. బండి నోరు లేనిది."

ఆమె సమోవర్ వైపు తిరిగింది.

"ఆ అమ్మాయిని చెప్పనియ్యరా" అన్నాడు శర్షెన్.

"ఏం చెప్తుంది? కోడళ్ళకు కార్లేమిటని బజారంతా నవ్వింది. నవ్వితే నవ్వండన్నాను. తాళాలు నా చేత్తో ఇచ్చాను. ఇవాళ నా మనవరాలి నెత్తురు చూశాను. తాళాలు అక్కడ పెట్టు అమ్మాయ్. ఇక స్టీరింగ్ ముట్టుకోవద్దు."

తాళాలు పోతే కనిషాయ్ నర్సు ఉద్యోగమూ పోయినట్టే. ఆమె పనిచేసే క్లినిక్ పక్క ఊళ్ళో ఉంది, పొద్దున పూట అటు బస్సు లేదు. ఆ ఉద్యోగం కోసం రెండేళ్ళు మొగుణ్ణి, అత్తను బతిమాలింది. అయినా తాళాలు తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత గిన్నెలో టీ పోసి మామగారికి అందించింది.

శర్షెన్ గిన్నెలోకి తొంగి చూసి కిసుక్కుమన్నాడు.

"అంచుదాకా పోసిందిరా. మనలో గిన్నె నింపితే వెళ్ళమని అర్థం, ఇక లేచి పొమ్మంటోంది నిన్ను."

తెమిర్‌కుల్ టీని నేల మీద పారబోశాడు. ఇరవయ్యేళ్ళ మెకానిక్ జీవితంలో ఇంత అవమానం అతనికి జరగలేదు. తాళాలు తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"రేపు దీన్ని అమ్మకానికి పెడతాను. అంతవరకు నాలుగు చక్రాల మీద నిలబడితే చాలు."

మళ్ళీ కారు కిందికి దూరాడు. గొణుగుతూనే కడ్డీని పైకెత్తి రంధ్రంలోకి తోశాడు. బోల్టు వంగనైనా లేదు. డబ్బాలోంచి వేరే నట్టు తీసి తిప్పితే, మరలు ఎక్కడా చెడకుండా నున్నగా ఎక్కింది. గట్టుకు అంత గట్టిగా కొట్టుకున్న బోల్టుకు గీతైనా పడలేదేమిటని అతని చేయి ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కోపమే గెలిచింది. పానా పట్టి నట్టు బిగించాడు.

"పిన్ను కావాలా?" అని పైనుంచి శర్షెన్ అడిగాడు.

"నా దగ్గర ఉంటాయిలే."

పడుకునే ఎడమ చెయ్యి ఎత్తి, అలవాటుగా టోపీ మడతలో వేళ్ళు పెట్టి తడిమాడు.

అక్కడ దొరికింది ఒకే ఒక్క పిన్ను: మొన్న పెళ్ళివాళ్ళు హారన్ కొడుతుంటే, వచ్చాక నట్టు బిగించి పెడదాంలే అని అతను గుచ్చుకుని మరచిపోయిన, ఈ జాయింటు పిన్ను.